బాత్రూం మొత్తం కొత్తగా చేయించాలంటే ఎంత ఖర్చు, ఎన్ని రోజులు?

హైదరాబాద్‌లో 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న మామూలు బాత్రూంను పూర్తిగా పగలగొట్టి కొత్తగా చేయించాలంటే ఇప్పుడు సుమారు లక్షా 20 వేల నుంచి లక్షా 40 వేల దాకా అవుతుంది. పని మూడు వారాలు పడుతుంది, సెలవులు కలిస్తే 24, 25 రోజులు. "అరే భాయ్, 60 వేలు చాలు, పది రోజుల్లో చేసి ఇస్తా" అనే మేస్త్రీ కూడా దొరుకుతాడు. ఆయన అబద్ధం చెబుతున్నాడని కాదు, ఆ లెక్కలో ఒకటో రెండో పనులు ఎగిరిపోయి ఉంటాయి, అంతే. మామూలుగా ఎగిరిపోయేవి వాటర్‌ఫ్రూఫింగ్, ఆరబెట్టే రోజులు.

బాత్రూం ఎవరూ సరదాకి పగలగొట్టరు. ఎక్కువ ఇళ్లలో కారణాలు మూడే. కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్‌కి తేమ దిగుతుంది, రోజూ మెట్ల దగ్గర మాట పడాల్సి వస్తుంది. లేదా 25, 30 ఏళ్ల కిందట వేసిన జీఐ పైపులు లోపల తుప్పు పట్టి నీళ్లు సన్నగా వస్తాయి. మూడోది, ఇంట్లో అమ్మీకో అబ్బాకో మోకాళ్లు పోతాయి, ఇండియన్ సీటు మీద కూర్చోలేరు. మీ కారణం ఏదో ముందే తేల్చుకుంటే ఎంత పగలగొట్టాలో తెలుస్తుంది. మోకాళ్ల సమస్య ఒక్కటే అయితే, పైపులు బాగుంటే, సీటు మార్చి కింద టైల్స్ వేసుకుంటే సరిపోతుంది. లీకేజీ అయితే మాత్రం పైపైన తెల్ల సిమెంట్ రుద్దించడం దండగ ఖర్చు. ఆరు నెలల్లో మళ్లీ అదే తడి.

ఏ పనికి ఎంత?

ముందు కొలతలు. 5×8 బాత్రూంలో కింద 40 చదరపు అడుగులు. నాలుగు గోడల చుట్టుకొలత 26 అడుగులు, 7 అడుగుల ఎత్తు వరకు టైల్స్ అంటే 182. తలుపు తీసేస్తే సుమారు 165. మొత్తం 205 చదరపు అడుగులు. కోతల్లో, పగిలిపోవడంలో 10 శాతం పోతుంది కాబట్టి 225 కొనాలి. ఈ లెక్క మీరే చేసుకుని షాపుకు వెళ్లండి. షాపువాళ్లు 260 అని చెప్పినా, మేస్త్రీ 280 అని చెప్పినా మీ దగ్గర సమాధానం ఉంటుంది.

ఇప్పుడు మధ్యరకం సామాన్లతో ఒక లెక్క వేద్దాం. ఇవి నగరంలో మామూలుగా నడిచే రేట్లు, పన్ను కలిపి వేసినవి. ఏరియాను బట్టి, ఎన్నో అంతస్తు అనేదాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి. పాతది పగలగొట్టి మల్బా ఎత్తిపోయడానికి 10,000. నీళ్ల పైపులు, డ్రైనేజీ పైపులు, ప్లంబర్ కూలీ కలిపి 22,000. వాటర్‌ఫ్రూఫింగ్ 9,000. టైల్స్ అడుగుకు 55 చొప్పున 225 అడుగులకు 12,375. టైల్స్ వేసే కూలీ అడుగుకు 45 చొప్పున 205 అడుగులకు 9,225. సిమెంటు, ఇసుక, టైల్స్ అంటించే పౌడరు, జాయింట్లు నింపే గ్రౌట్ కలిపి 9,000. కమోడ్ 9,000, వాష్‌బేసిన్ 3,000. నల్లాలు, షవర్, జెట్ స్ప్రే అన్నీ కలిపి 14,000. నీళ్లకు ఉబ్బని పీవీసీ లేదా డబ్ల్యూపీసీ తలుపు 7,000. కరెంటు పని, ఎగ్జాస్ట్ ఫ్యాన్ 6,000. 15 లీటర్ల గీజర్ 8,000.

కూడితే 1,18,600. దీనిమీద 10 నుంచి 15 శాతం పక్కన పెట్టుకోవాలి, అంటే 12 వేల నుంచి 18 వేలు. పాత ఇళ్లలో ఇది తప్పనిసరి. ఎందుకంటే గోడ పగలగొట్టేదాకా లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఎక్కువసార్లు బయటపడేది డ్రైనేజీ పైపు పగులు, లేకపోతే మెత్తబడిపోయిన గిలాబు.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. టైల్స్ మీద, కమోడ్ లాంటి శానిటరీ సామాన్ల మీద జీఎస్‌టీ 18 శాతం. సిమెంటు మీద అంతకుముందు 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18కి తగ్గింది. షాపులో "55 రూపాయలు" అని చెప్పినప్పుడు పన్ను కలిపా, విడిగానా అని అడగండి. విడిగా అయితే అది 55 కాదు, దాదాపు 65. 225 అడుగులకు తేడా 2,228 రూపాయలు. కమోడ్, నల్లాలు కూడా ఇలాగే చేస్తే ఐదారు వేలు కళ్లముందే మారిపోతాయి. "బిల్లు లేకుండా తీసుకోండి, తగ్గిస్తా" అంటారు. తగ్గేది నిజమే, కానీ బిల్లు లేకపోతే నల్లాల మీద కంపెనీ ఇచ్చే వారంటీ అడగలేరు. హైదరాబాద్ బోరు నీళ్లకి నల్లాల లోపలి భాగం ముందుగా పాడవుతుంది కాబట్టి ఆ కాగితం అవసరం పడుతుంది.

ఎక్కడ తగ్గించుకోవచ్చు?

చేతిలో లక్షా 20 వేలు లేవనుకోండి. చాలా ఇళ్లలో ఈ పని చిట్టీ ఎత్తిన డబ్బుతోనో, బంధువుల దగ్గర ఖర్జె హసనా తీసుకునో అవుతుంది. సూద్ కట్టి బాత్రూం చేయించుకోవాలని ఎవరికీ ఉండదు. తగ్గించుకునే దారి ఉంది. పైన చెప్పిన లెక్కలోనే టైల్స్ 55 బదులు 38 రూపాయలవి తీసుకుంటే 3,825 మిగులుతుంది. కమోడ్ 5,000 రకం అయితే 4,000. నల్లాల సెట్టు 8,000లో సర్దుకుంటే 6,000. బేసిన్ దగ్గర 1,500. తలుపు బాగుంటే రంగు వేయించి ఉంచుకోండి, 7,000. పాత గీజర్ పనిచేస్తుంటే అదే బిగించుకోండి, 8,000. అన్నీ కలిపి 30,325 తగ్గింది. బిల్లు 88 వేలకు దిగింది.

ఈ తగ్గింపులో పైపుల మీద, వాటర్‌ఫ్రూఫింగ్ మీద ఒక్క రూపాయి కూడా ముట్టుకోలేదు, గమనించండి. నల్లా రెండేళ్ల తర్వాత మార్చుకోవచ్చు, అరగంట పని. షవర్, అద్దం, బేసిన్ కూడా అంతే. టైల్స్ కింద ఉన్నదాన్ని మార్చాలంటే మళ్లీ మొత్తం పగలగొట్టాలి. కానీ జనం చేసేది దీనికి తలకిందులుగా ఉంటుంది. చుట్టాలకు కనిపించే టైల్ మీద అడుగుకు 110 పెడతారు, గోడలోకి పోయే పైపు దగ్గర 20 రూపాయలు బేరమాడతారు.

ఖర్చు పైకి పోవాలంటే మాత్రం హద్దు లేదు. గోడకు వేలాడే కమోడ్ అంటే దాని ఫ్రేము, గోడలో దాచే ట్యాంకు అదనం, ముందు ఒక చిన్న గోడ కూడా కట్టాలి. గాజు పార్టిషన్, ఫాల్స్ సీలింగ్, నలుపు రంగు నల్లాలు కలిపితే రెండు లక్షలు దాటిపోతుంది. నల్ల నల్లాల గురించి ఒక మాట. షోరూంలో అవి చాలా బాగుంటాయి. ఉప్పు నీళ్లు వచ్చే ఇంట్లో వారానికే తెల్ల మచ్చలు పడతాయి, రోజూ తుడిచే ఓపిక ఉంటేనే తీసుకోండి.

కొనడానికి బేగంబజార్, ట్రూప్ బజార్, రాణిగంజ్ వైపు వెళితే వెరైటీ, బేరం రెండూ ఉంటాయి. మీ వీధి చివర షాపులో రేటు కాస్త ఎక్కువైనా మిగిలిన డబ్బాలు వెనక్కి తీసుకుంటారు. టైల్స్ కొనేముందు "మిగిలితే వాపస్ తీసుకుంటారా" అని అడిగి బిల్లు మీద రాయించుకోండి.

ఇరవై ఒక్క రోజులు ఎలా అవుతాయి?

పగలగొట్టడం రెండు రోజులు. గోడల్లో గాడి కొట్టి పైపులు, కరెంటు పైపులు వేయడం మూడు రోజులు. ఆ చివరి రోజు రాత్రి పైపుల చివర్లన్నీ బిగించి, ట్యాంకు నీళ్లు వదిలి తెల్లారేదాకా ఉంచాలి. ప్రెషర్ పంపుతో చూసే ప్లంబర్ దొరికితే ఇంకా మంచిది. తెల్లారి ఏ జాయింటు దగ్గరా చెమ్మ లేకపోతేనే గోడ మూయాలి. మూసేముందు నాలుగు గోడలకూ, కింద డ్రైనేజీ పైపులకూ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు అద్దానికి మేకు కొట్టేటప్పుడు పైపు ఎక్కడుందో ఆ ఫొటోనే చెబుతుంది.

ఆరో రోజు గిలాబు, కింద నీళ్లు జాలీ వైపు పోయేలా వాటం వేసే మాలు. వాటం ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. 8 అడుగుల పొడవుకు ఒక అంగుళం దిగాలి. అది ఆరడానికి కనీసం ఒక రోజు. తర్వాత వాటర్‌ఫ్రూఫింగ్ రెండు కోటింగులు, ఒకదానిమీద ఒకటి అడ్డం నిలువు, మధ్యలో గ్యాప్ ఇచ్చి, రెండు రోజులు. కింద మాత్రమే కాదు, గోడల మీదికి ఒక అడుగు ఎత్తు, షవర్ వచ్చే గోడకు ఇంకా పైదాకా కొట్టాలి. మూలల్లో, జాలీ చుట్టూ, పైపు స్లాబులోంచి దిగే చోట ప్రత్యేకంగా చూసి కొట్టించండి. లీకేజీలు ఎక్కువగా పుట్టేది అక్కడే. అది గట్టిపడటానికి రెండు రోజులు.

ఆ తర్వాత నీళ్ల పరీక్ష. జాలీ మూసేసి, తలుపు దగ్గర చిన్న కట్ట కట్టి, రెండు అంగుళాల నీళ్లు నింపి 48 గంటలు వదిలేయాలి. గోడ మీద నీటి మట్టానికి పెన్సిల్‌తో గీత గీయండి. రెండు రోజుల తర్వాత కింది ఇంటికి వెళ్లి సీలింగ్ చూసి రావాలి. వాళ్లతో మాటలు లేకపోయినా వెళ్లండి, ఈ ఒక్క పరీక్షతో పాత గొడవ కూడా తీరుతుంది. తడి కనిపిస్తే ఇప్పుడే ఇంకో కోటింగ్ వేయిస్తే పోతుంది. టైల్స్ అయ్యాక కనిపిస్తే మొత్తం ఖర్చు నీళ్లలో పోసినట్టే.

పరీక్ష నెగ్గితే గోడ టైల్స్ మూడు రోజులు. కింది వరుస వదిలేసి పైనుంచి వేసుకుంటూ వచ్చి, నేల టైల్స్ వేశాక ఆ వరుస పూర్తి చేస్తారు. నేల ఒక రోజు. తర్వాత ఒక రోజు ఎవరూ లోపల అడుగు పెట్టకూడదు. గ్రౌట్ ఒక రోజు, కమోడ్, బేసిన్, నల్లాలు బిగించడం ఒక రోజు, కరెంటు పని ముగించి సిలికాన్ పట్టించడం ఒక రోజు. మొత్తం 21.

ఈ 21లో ఆరు రోజులు ఎవరూ పని చేయరు, కేవలం ఆరడం, నీళ్ల పరీక్షే. రెండు వారాల్లో చేసి ఇస్తామనే వాళ్లు కోసేసేది సరిగ్గా ఆ ఆరు రోజులనే. రోజుకూలీ మీద మేస్త్రీని పెట్టుకుంటే ఆ ఆరు రోజులకు కూలీ ఇవ్వనవసరం లేదు, కానీ ఆయన మధ్యలో ఇంకో ఇంటి పని ఒప్పుకుని అక్కడే ఉండిపోయే ప్రమాదం ఉంది. గుత్తకిస్తే తొందరగా ముగించాలని చూస్తాడు. రెండింట్లోనూ నీళ్ల పరీక్ష తేదీ ముందే మాట్లాడుకోవడం ఒక్కటే మందు.

కేలెండర్ కూడా చూసుకోవాలి. పాతబస్తీలో చాలామంది మేస్త్రీలకు జుమ్మా సెలవు, మిగతా చోట్ల ఆదివారం. అమావాస్య రోజు పనిలోకి రాని మేస్త్రీలు తెలంగాణలో చాలామంది ఉన్నారు. టైల్స్ పనివాళ్లలో రాజస్థాన్, యూపీ, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, హోలీకి, దీపావళికి ఊరెళ్తే పది రోజులు ఆశ వదులుకోవాల్సిందే. రంజాన్‌లో పనిగంటలు సగానికి తగ్గుతాయి. ఈద్‌కి ముందు పూర్తి కావాలంటే షాబాన్ మొదట్లోనే పగలగొట్టాలి. ఇఫ్తార్ వేళకు ఇంటినిండా మట్టి పెట్టుకోవద్దు.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు. బాత్రూం దగ్గర స్లాబు దించి, ఆ గుంతను ఇటుక ముక్కలతో, మట్టితో నింపి ఉంటారు. ఏళ్ల తరబడి లీకైతే ఆ నింపుడంతా స్పాంజిలా నీళ్లు పట్టి ఉంటుంది. దాన్ని తోడేసి, స్లాబు మీద ఒకసారి, మళ్లీ నింపాక పైన ఒకసారి వాటర్‌ఫ్రూఫింగ్ చేయాలి. దీనికి నాలుగైదు రోజులు, పది నుంచి ఇరవై వేలు అదనం. మల్బా కూడా రెట్టింపు అవుతుంది. దాన్ని రాత్రిపూట నాలాలో, ఖాళీ ప్లాటులో పారబోయిస్తే జరిమానా పడుతుంది. నగరంలో ఇలాంటి శిథిలాల కోసం జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ప్లాంట్లు ఉన్నాయి, ఎత్తుకెళ్లే ఆటో ట్రాలీవాళ్లతో ఎక్కడ పోస్తారో అడిగి ఒప్పుకోండి.

సీటు ఎటు వైపు?

మన ఇళ్లలో ఇది ముందే అడిగే ప్రశ్న, అడగాల్సిందే. హైదరాబాద్ నుంచి ఖిబ్లా పడమర, కొంచెం ఉత్తరానికి. కాబట్టి కూర్చున్నప్పుడు ముఖం గానీ వీపు గానీ అటు రాకుండా సీటు ఉత్తరం-దక్షిణంగా పెట్టుకుంటారు. నాలుగు గోడల మధ్య ఉన్నప్పుడు ఈ నియమం ఎంతవరకు వర్తిస్తుందనే దాంట్లో హనఫీ, షాఫయీ ఫిఖ్‌ల మధ్య తేడా ఉంది, మీ మసీదు ఆలిమ్‌ను అడగండి. వాస్తు చూసి కట్టిన ఫ్లాట్లలో సీటు మామూలుగా ఉత్తర-దక్షిణాలుగానే ఉంటుంది కాబట్టి చాలామందికి ఈ సమస్యే రాదు. సీటు తిప్పాల్సి వస్తే మాత్రం డ్రైనేజీ లైను కదులుతుంది, ఐదు నుంచి పది వేలు పెరుగుతుంది. ఈ నిర్ణయం పగలగొట్టే ముందు రోజు తీసుకోవాలి, టైల్స్ వేస్తుంటే కాదు.

కమోడ్ కొనేముందు ఒక కొలత రాసుకుని వెళ్లండి. వెనక గోడ నుంచి కింద మురుగు రంధ్రం మధ్యకు ఎంత దూరం ఉంది? మార్కెట్లో 4 అంగుళాలు, 9 అంగుళాలు, 12 అంగుళాలకు సరిపోయే కమోడ్లు వేర్వేరుగా వస్తాయి. ఈ దూరాన్ని టైల్ వేశాక ఉండే గోడ నుంచి లెక్కపెట్టాలి. కొత్త టైల్, మాలు కలిపి దాదాపు ఒక అంగుళం తింటాయి. ఇది చూడకుండా ఆఫర్‌లో వచ్చిందని కొన్న కమోడ్లు డబ్బా విప్పాక వాపస్ కావు.

వజూ కోసం విడిగా ఒక నల్లా కింద పెట్టించుకుంటే పైపు, నల్లా, కూలీ కలిపి రెండు వేలకు అటూ ఇటూ. పెద్దవాళ్లు బేసిన్‌లో కాలు ఎత్తి కడుక్కోవాల్సిన పని ఉండదు, బాత్రూంలో జారిపడే ప్రమాదం కూడా తగ్గుతుంది. అదే ఊపులో కమోడ్ పక్కన గోడకు ఒక స్టీల్ పట్టీ బిగించండి. నేల టైల్ మ్యాట్ రకం తీసుకోండి. షాపులోనే దాని మీద నీళ్లు చల్లి చేత్తో రుద్ది చూడండి, నిగనిగలాడేది వద్దు.

గీజర్‌కు 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఇప్పుడే పెట్టించండి. కరెంటు లీకైన వెంటనే అది ఆపేస్తుంది. దీనికి రెండు మూడు వేలు, పైన వేసిన లెక్కలో ఇది లేదు.

ఇంట్లో ఒక్కటే బాత్రూం ఉంటే?

నిజానికి డబ్బు కంటే పెద్ద ఇబ్బంది ఇదే. మూడు వారాలు ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఎక్కడికి పోవాలి? పక్కింటి వాళ్లను రెండు రోజులు అడగగలం, ఇరవై రోజులు అడగలేం. కమోడ్‌ను చివరిదాకా తీయకుండా పని చేయమని అడుగుతారు కొందరు, పూర్తి పనిలో అది కుదరదు. కుదిరేవి రెండు. మేడ మీదో వెనక వసారాలోనో పాత ఇండియన్ సీటును తాత్కాలికంగా డ్రైనేజీకి కలిపి, రేకుల చాటు కట్టడం, నాలుగైదు వేలు అవుతుంది. లేదా ఇంటివాళ్లు పెద్దమ్మ ఇంట్లోనో, చిన్నాన్న ఇంట్లోనో ఉండి, పగలు ఒక మగమనిషి పని దగ్గర ఉండటం. రెండో దారే ఎంచుకుంటే వేసవి సెలవుల్లో పెట్టుకోండి. ఈ ఖర్చును కూడా లెక్కలో వేసుకోండి, చాలామంది మర్చిపోయేది ఇదే.

మేస్త్రీకి డబ్బు ఎలా ఇవ్వాలి?

కూలీ మొత్తం ఒకేసారి గుత్తకు మాట్లాడుకుంటే 35 నుంచి 40 వేల మధ్య తేలుతుంది. మొదలుపెట్టే రోజు 20 శాతం, నీళ్ల పరీక్ష నెగ్గాక 30, టైల్స్ అయ్యాక 30, మిగిలిన 20 పది రోజులు వాడి చూశాక. సగం అడ్వాన్స్ అడిగితే ఒప్పుకోకండి. ఎంత మంచి మనిషైనా చేతిలో సగం డబ్బు పడితే ఇంకో పనికి పోతాడు. ఏమేం చేయాలో, సామాన్లు ఎవరు తేవాలో, మల్బా ఎవరు ఎత్తాలో, ఎన్ని రోజులో ఒక తెల్ల కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి, లేకపోతే కనీసం వాట్సాప్‌లో అక్షరాల్లో పంపించి "ఠీక్ హై" అనిపించుకోండి. అప్పు రాసుకోమని ఖుర్ఆన్ చెప్పిన సమాజంలో ఇది అనుమానం కాదు, పద్ధతి.

పని అయ్యాక రెండు మూడు బకెట్లు ఒకేసారి కుమ్మరించి చూడండి. నీళ్లు ఎక్కడా ఆగకుండా జాలీలోకి పోవాలి. టైల్స్ మీద నాణెంతో కొట్టి వినండి, డొల్ల శబ్దం వచ్చిన టైల్‌ను చివరి 20 శాతం ఇవ్వకముందే మార్పించండి. మిగిలిన టైల్స్‌లో ఒక డబ్బా వాపస్ ఇవ్వకుండా మంచం కింద ఉంచుకోండి. రెండేళ్ల తర్వాత ఒకటి పగిలితే అదే కంపెనీలో అదే డిజైన్ దొరికినా, బ్యాచ్ మారితే రంగు కలవదు.